ఒక్కరోజే రేస్.. 288 కిలోమీటర్లు! వన్‌డే సైకిల్ రేస్ అంటే ఏంటి?

చాంద్రాయణగుట్ట నుంచి విజయవాడకు సుమారు 270 కి.మీ. కారులోనే నాలుగైదు గంటలు పడుతుంది. అంతకన్నా ఎక్కువ దూరాన్ని ప్రొఫెషనల్ సైక్లిస్టులు ఒక్కరోజులో తొక్కేస్తారు. 2024లో ఇటలీలో జరిగిన మిలాన్–సాన్ రెమో రేస్‌లో బెల్జియం రైడర్ జాస్పర్ ఫిలిప్సెన్ 288 కి.మీ.ను గంటకు 46 కి.మీ. సగటు వేగంతో పూర్తి చేసి గెలిచాడు.

రేపనేది లేదు: టూర్ డి ఫ్రాన్స్‌లో 21 స్టేజ్‌లు. ఒకరోజు వెనకబడ్డా తర్వాత కోలుకోవచ్చు. ఫ్లాట్ స్టేజ్ ఆఖర్లో పంక్చరైతే టైమ్‌లో మినహాయింపు కూడా ఉంటుంది. వన్‌డే రేస్‌లో అదేమీ ఉండదు. ఆఖర్లో పంక్చరైతే ఆ ఏటికి ఆశ దాదాపు పోయినట్టే!

గెలిచేది ఒక్కరే: పెద్ద రేసుల్లో టీమ్‌కు ఏడుగురు. లీడర్ అలసిపోకుండా మిగతావాళ్లు ముందుండి గాలికి అడ్డుగా తొక్కుతారు. అవసరమైతే తమ చక్రమే తీసి ఇచ్చేస్తారు. పోడియం ఎక్కేది మాత్రం లీడరే.

ఐదు 'మాన్యుమెంట్స్': లీజ్–బాస్టోన్–లీజ్ (1892), పారిస్–రూబే (1896), లొంబార్డియా (1905), మిలాన్–సాన్ రెమో (1907), టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ (1913). వీటిలో పారిస్–రూబేలో 50 కి.మీ.కి పైగా రాళ్లు పరిచిన బాటే. గెలిచినవారికి ఇచ్చే ట్రోఫీ కూడా అలాంటి రాయే! 2021 నుంచి అక్కడ మహిళలకూ రేస్ పెడుతున్నారు.