వాల్వు యాంప్లిఫయర్ ఔట్‌పుట్ ట్యాపులు, లౌడ్‌స్పీకర్ ఇంపిడెన్స్

వాల్వు యాంప్లిఫయర్ వెనుక 4, 8, 16 ఓమ్‌లు అని రాసి ఉండే టెర్మినళ్లను ఔట్‌పుట్ ట్యాపులు అంటారు. ఇవి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ చుట్టలో వేర్వేరు చోట్ల నుంచి బయటికి తీసిన తీగలు. ట్యాపు మీది అంకె దాని సొంత నిరోధాన్ని తెలిపేది కాదు. అక్కడ ఎన్ని ఓమ్‌ల లౌడ్‌స్పీకర్ కలిపితే వాల్వుకు తగిన లోడు అందుతుందో అది చెబుతుంది.

సూత్రం

వాల్వు ఎక్కువ వోల్టేజీని, తక్కువ కరెంటును ఇస్తుంది. లౌడ్‌స్పీకర్‌కు కావలసింది దీనికి తలకిందులు. ఈ రెంటినీ కలిపేది ట్రాన్స్‌ఫార్మర్. వోల్టేజి చుట్ల నిష్పత్తిలో తగ్గితే, కరెంటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అందువల్ల ఇంపిడెన్స్, అంటే వోల్టేజికి కరెంటుకు ఉన్న నిష్పత్తి, చుట్ల నిష్పత్తి వర్గం ప్రకారం మారుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ వాల్వుకు 5,000 ఓమ్‌లుగా కనిపించాలంటే ఇంపిడెన్స్ నిష్పత్తి 625, చుట్ల నిష్పత్తి 25. నష్టాలను పక్కనపెడితే, 10 వాట్ల దగ్గర ప్రైమరీ (వాల్వు) వైపు సుమారు 224 వోల్టులు, 45 మిల్లీఆంపియర్లు ఉంటాయి. స్పీకర్ వైపు 9 వోల్టులు, 1.1 ఆంపియర్లు ఉంటాయి.

ట్యాపుల స్థానాలనూ ఈ వర్గ నియమమే నిర్ణయిస్తుంది. 16 ఓమ్‌ల సెకండరీకి 100 చుట్లు ఉంటే, 8 ఓమ్‌ల ట్యాపు 71వ చుట్టు దగ్గర, 4 ఓమ్‌ల ట్యాపు 50వ చుట్టు దగ్గర వస్తాయి.

తొలి దశ

తొలి రేడియోల హార్న్ స్పీకర్లలో సన్నని తీగతో వేల చుట్లు ఉండేవి. వాటి ఇంపిడెన్స్ కూడా వేల ఓమ్‌లలో ఉండటంతో చాలావాటిని నేరుగా వాల్వు ప్లేట్ సర్క్యూట్‌లోనే కలిపేవారు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ కదిలే తీగచుట్ట గల కాగితపు కోన్ స్పీకర్‌ను వివరించారు. మరుసటి ఏడాది ఆర్‌సీఏ సంస్థ అలాంటి స్పీకర్‌ను రేడియోలా 104 పేరుతో అమ్మకానికి తెచ్చింది. కోన్‌తోపాటు కదలాల్సిన తీగచుట్ట తేలికగా ఉండాలి కాబట్టి దానికి చుట్లు తక్కువ, ఇంపిడెన్స్ కొద్ది ఓమ్‌లే. అప్పటి నుంచి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి అయింది.

రేడియో సెట్టులో స్పీకర్ ఒక్కటే, అదీ మారదు. అందువల్ల ట్యాపుల అవసరం లేకపోయింది. చాలా సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్‌ను స్పీకర్ చట్రానికే బిగించేవారు. యాంప్లిఫయర్‌ను, స్పీకర్‌ను విడివిడిగా కొనే పద్ధతి పెరిగాక ట్యాపులు అవసరమయ్యాయి.

తగిన లోడు

లోడు మూలపు నిరోధానికి సమానమైనప్పుడు గరిష్ఠ శక్తి అందుతుందన్నది సాధారణ సిద్ధాంతం. ఔట్‌పుట్ వాల్వుల విషయంలో ధ్వని వికృతం కాకుండా చూడటం ముఖ్యం కనుక లెక్క మారుతుంది. సుమారు 700 ఓమ్‌ల ప్లేట్ నిరోధం ఉన్న 300బి ట్రయోడ్ వాల్వుకు 2,500 నుంచి 3,500 ఓమ్‌ల లోడు వాడతారు. పెంటోడ్ వాల్వులో ఈ సంబంధం తిరగబడుతుంది. ఈఎల్84 ప్లేట్ నిరోధం 38,000 ఓమ్‌లైనా, దానికి తగిన లోడు సుమారు 5,000 ఓమ్‌లే.

హై-ఫై కాలం

1947లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వెలువడిన డి.టి.ఎన్. విలియమ్‌సన్ యాంప్లిఫయర్, ట్రాన్స్‌ఫార్మర్ నాణ్యతకు కొత్త ప్రమాణం నెలకొల్పింది. రుణ ఫీడ్‌బ్యాక్‌ను సెకండరీ నుంచి తీసుకోవడంతో ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఆ వలయంలో భాగమైంది. 1951లో డేవిడ్ హాఫ్లర్, హెర్బర్ట్ కెరోస్ ప్రైమరీ చుట్టలోనూ ట్యాపులు వాడే అల్ట్రాలీనియర్ పద్ధతికి ప్రచారం తెచ్చారు. హాఫ్లర్ సంస్థ డైనాకో 1959లో తెచ్చిన స్టీరియో 70లో 4, 8, 16 ఓమ్‌ల ట్యాపులు ఉన్నాయి.

బ్రిటన్‌లో హై-ఫై స్పీకర్లకు 15 ఓమ్‌లు వాడుకగా ఉండేది. అక్కడ సెకండరీని కొన్ని భాగాలుగా చుట్టి, అవసరాన్ని బట్టి శ్రేణిలోనో సమాంతరంగానో కలిపే పద్ధతి కూడా ఉండేది. ట్యాపుల పద్ధతిలో 4 ఓమ్‌లు వాడినప్పుడు సగం చుట్టకు పని ఉండదు. భాగాల పద్ధతిలో రాగి అంతా పనిలో ఉంటుంది.

పొంతన తప్పితే

8 ఓమ్‌ల ట్యాపుకు 4 ఓమ్‌ల స్పీకర్ కలిపితే వాల్వుకు కనిపించే లోడు సగమవుతుంది. కరెంటు పెరిగి వాల్వు మీద భారం పడుతుంది. 16 ఓమ్‌ల స్పీకర్ కలిపితే లోడు రెట్టింపై, అందే శక్తి సాధారణంగా తగ్గుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే 4, శ్రేణిలో కలిపితే 16 ఓమ్‌ల ట్యాపు వాడాలి.

స్పీకర్ మీది అంకె కూడా స్థిరమైనది కాదు. అనునాద పౌనఃపున్యం దగ్గర ఇంపిడెన్స్ కొన్ని రెట్లు పెరుగుతుంది. పై స్థాయి స్వరాల వద్ద మళ్లీ ఎక్కుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనిష్ఠ విలువ ప్రకటిత విలువలో 80 శాతానికి తగ్గకూడదు. అంటే 8 ఓమ్‌లకు 6.4. అందువల్ల ట్యాపుల పొంతన ఎప్పుడూ ఉజ్జాయింపుగానే ఉంటుంది.

స్పీకర్ అసలు లేకుండా పెద్ద సిగ్నల్ ఇవ్వడం అన్నిటికన్నా ప్రమాదకరం. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏర్పడే అధిక వోల్టేజికి చుట్టల ఇన్సులేషన్ చెడి, వాల్వు సాకెట్ల దగ్గర నిప్పురవ్వలు లేవవచ్చు. అందుకే ఫెండర్ గిటార్ యాంప్లిఫయర్లలో ప్లగ్గు తీయగానే ఔట్‌పుట్‌ను షార్ట్ చేసే జాక్ అమర్చారు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కైతే ఆ షార్టే ప్రమాదం.

ట్రాన్సిస్టర్ల తర్వాత

1956లో ఆర్‌సీఏకు చెందిన హెచ్.సి. లిన్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్ సర్క్యూట్‌ను ప్రకటించాడు. తక్కువ వోల్టేజీతో ఎక్కువ కరెంటు ఇవ్వగల ట్రాన్సిస్టర్లు స్పీకర్‌ను నేరుగా నడిపాయి. క్రమంగా 15, 16 ఓమ్‌ల స్పీకర్లు తగ్గి, ఇళ్లలో 8, 4 ఓమ్‌లు ప్రమాణమయ్యాయి. మెకింటాష్ సంస్థ మాత్రం తన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలోనూ ఆటోట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ట్యాపులను నిలుపుకుంది. భారతదేశంలో సభలకు, ఆలయాలకు వాడే మైకు సెట్లలో 4, 8, 16 ఓమ్‌ల టెర్మినళ్ల పక్కనే 70, 100 వోల్టుల లైను టెర్మినళ్లు ఉంటాయి. లైను పద్ధతిలో ప్రతి హార్న్‌కూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అక్కడ కలిపి చూడాల్సింది ఓమ్‌లను కాదు, వాట్లను. హార్న్‌లన్నిటి వాట్ల మొత్తం యాంప్లిఫయర్ సామర్థ్యాన్ని దాటకూడదు.