రెండో సీటు

పాత విమానం ఫొటో ఎవరు చూపించినా నేను ముందు ఇంజిన్ చూస్తాను, ఆ తర్వాత రెండో సీటు ఎక్కడుందో వెతుకుతాను. విమానాల రిపేరు పనిలో జీతం తీసుకున్నవాణ్ణి. పైలట్లను పొగడటానికి లోకం ఉంది. పక్కవాడి సంగతి మాలాంటివాళ్లమే పట్టించుకోవాలి.

ఇటలీ వాళ్ల అన్సాల్డో ఎస్‌వీఏ రెండు అంతస్తుల రెక్కల విమానం. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా సవోయా, వెర్దూజియో అనే ఇద్దరు ఇంజినీర్లు దాన్ని గీశారు. 1917 మార్చిలో మొదటిసారి ఎగిరింది. శత్రు విమానాలతో తలపడాలని చేశారు గానీ గాల్లో చప్పున మలుపు తిరగడం దానికి చేతకాలేదు. వేగం మాత్రం గంటకు 220 కిలోమీటర్ల పైమాటే, పైగా చాలా దూరం పోగలదు. అందుకని పోరు మానిపించి నిఘాకు పెట్టారు. ఒక్క సీటు రకంతో మొదలై రెండు సీట్ల ఎస్‌వీఏ 9, 10 వచ్చాయి.

దాని రెక్కలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఆ కాలపు విమానాల్లో పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య తీగలు అడ్డదిడ్డంగా లాగి కట్టేవాళ్లు. ఒక తీగ సడలితే చాలు, రెక్కల అమరిక మళ్లీ మొదట్నుంచి సరిచూడాలి. ఎస్‌వీఏలో ఆ అడ్డ తీగలు తీసేసి, ముందునుంచి చూస్తే డబ్ల్యూ ఆకారంలో కనిపించే ఏటవాలు కమ్మీలు బిగించారు. తీగలు బిగించి బిగించి వేళ్లు కోసుకున్నవాడికి ఆ డబ్ల్యూ విలువ తెలుస్తుంది.

నిఘా విమానంలో రెండో సీటు కళ్లున్నవాడిది. కందకాలు ఎక్కడున్నాయి, రైళ్లు ఎటు పోతున్నాయి చూసి చెప్పాలి. అలాంటి చోట 1918 ఆగస్టు 9న కుడి కంటి చూపు పోయిన 55 ఏళ్ల కవి కూర్చున్నాడు. గాబ్రియేలె డనున్‌జియోకి ఆ కన్ను పోయిందే రెండేళ్ల ముందు ఒక విమాన ప్రమాదంలో. పైలట్ నటాలె పాల్లీ. పాడువా దగ్గరి సాన్ పెలాజియో నుంచి వియన్నా మీదికి 11 ఎస్‌వీఏలు లేచాయి. మూడు మధ్యలోనే వెనుదిరిగాయి, ఒకటి ఇంజిన్ మొరాయించి ఆస్ట్రియాలో దిగిపోయింది, ఏడు తిరిగొచ్చాయి. రానూపోనూ సుమారు 1000 కిలోమీటర్లు. వియన్నా మీద బాంబులు వెయ్యలేదు, దాదాపు 4 లక్షల కరపత్రాలు చల్లారు. కవిగారు రాసిన 50 వేలూ ఇటాలియన్‌లోనే ఉన్నాయి! వియన్నా జనానికి అర్థమయ్యే జర్మన్ కరపత్రం ఉగో ఒయెత్తి రాసింది. కవి ఎక్కిన ఆ విమానాన్ని గార్డోనేలో ఆయన భవనంలో ఈనాటికీ వేలాడదీసి చూపిస్తారు. పాల్లీ మాత్రం మరుసటి ఏడు మార్చిలో ఆల్ప్స్ మంచులో దిగాల్సొచ్చి, చలికి గడ్డకట్టి పోయాడు.

నా లెక్కలో ఆ సీటుకి అసలైన పని పడింది యుద్ధం అయిపోయాక. 1920 ఫిబ్రవరి 14న ఆర్తూరో ఫెరారిన్, గ్విదో మజియెరో రోమ్ నుంచి చెరో ఎస్‌వీఏ 9లో టోక్యోకి బయల్దేరారు. ఫెరారిన్ వెంట జీనో కపన్నీని, మజియెరో వెంట రొబెర్తో మరెత్తో. ఈ వెంట ఉన్న ఇద్దరూ మెకానిక్కులే. బాగ్దాద్, బస్రా, కరాచీ, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తా, రంగూన్, హనోయ్... దాదాపు 18 వేల కిలోమీటర్లు.

కర్రా, ప్లైవుడ్డూ, గుడ్డా కలిపి కట్టిన బండి. ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి నీళ్లతో చల్లదనం. ఎండ దెబ్బకి కర్ర బిగువు మారుతుంది, తేమకి గుడ్డ సడలుతుంది. పైలట్ దిగి దండలు వేయించుకుంటాడు. మెకానిక్ పని అప్పుడు మొదలవుతుంది: ప్లగ్గులు విప్పి మసి గోకాలి, పెట్రోలు వడగట్టాలి, రేడియేటర్ ఎక్కడ కారుతోందో వేలితో తడుముతూ చూడాలి. తెల్లారితే తను బిగించిన నట్ల మీదే నమ్మకం పెట్టి తనూ ఎక్కాలి. కింద నిలబడి టాటా చెప్పే ఉద్యోగం కాదది.

ఆ యాత్రకి ఇంకా చాలామంది బయల్దేరారు. దారిలో ఒక్కొక్కరే ఆగిపోయారు. బుషేర్‌లో గోర్దెస్కో, గ్రాస్సా ప్రాణాలే పోగొట్టుకున్నారు. మే 31న ఫెరారిన్, కపన్నీని టోక్యోలో దిగారు. వాళ్లూ మజియెరో జంటా తప్ప ఇంకెవరూ చేరలేదు.

ఈ ప్రయాణం గురించి ఎవరైనా రాస్తే నేను కోరేది ఒకటే. ఇద్దరి పేర్లూ ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో వెయ్యండి. ఇంజిన్ ఆగితే పడేది ఇద్దరూ కదా.