ఆటలో మనసుకూ శిక్షణ

సాధనలో చక్కగా ఆడే మీరు పోటీ రోజున ఎప్పుడైనా తడబడ్డారా? అది పిరికితనం కాదు. దాని మీద నూరేళ్లకు పైగా పరిశోధన జరుగుతోంది.

1898లో అమెరికా పరిశోధకుడు నార్మన్ ట్రిప్లెట్ 40 మంది పిల్లలచేత చేపలు పట్టే గాలపు చక్రాలను తిప్పించాడు, కొన్నిసార్లు ఒంటరిగా, కొన్నిసార్లు జతగా పోటీపెట్టి. పోటీలో 20 మంది వేగం పెరిగింది. 10 మందిలో పెద్ద తేడా లేదు. మిగిలిన 10 మంది మాత్రం గెలవాలన్న ఆత్రంతో పట్టు తప్పి వెనుకబడ్డారు. అంటే, ఒకరికి ఊపునిచ్చే పోటీయే మరొకరిని తడబెడుతుందన్నమాట.

మరి దీనికి శిక్షణ ఉందా? 1925లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో క్రీడా పరిశోధనశాల నెలకొల్పిన కోల్‌మన్ గ్రిఫిత్, శిక్షకుడికి ఆటగాడి మనసు కూడా తెలియాలని చెప్పాడు.

మన దేశంలో 2008 నుంచి 2011 వరకు ప్యాడీ అప్టన్ భారత క్రికెట్ జట్టుకు మానసిక శిక్షకుడిగా పనిచేశారు. 2011లో మన జట్టు ప్రపంచ కప్ గెలిచింది. 2024లో ఆయనే చదరంగ క్రీడాకారుడు గుకేశ్‌కు తోడ్పడ్డారు. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్, సింగపూర్‌లో మొదటి ఆటే ఓడిపోయాడు. అయినా మూడో ఆట గెలిచి కోలుకున్నాడు. 14వ ఆటలో నెగ్గి, 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. ఈ విజయాలన్నీ మానసిక శిక్షణవల్లనే వచ్చాయని చెప్పలేం. అయితే శరీరంతోపాటు మనసుకూ సాధన కావాలని అగ్రశ్రేణి క్రీడాకారులే గుర్తించారు.

ఫలితం మీ చేతిలో లేదు. నిదానంగా తీసుకునే శ్వాస, తరువాతి బంతి మీద చూపు మీ చేతిలోనివే. వాటిని సాధన చేయండి. ఓటమి భయంతో ఆటనే వదులుకోకండి. ఆడటంలోని ఆనందం గెలిచినవారి ఒక్కరి సొత్తు కాదు.