అమెరికా జాతీయ బ్యాంకు నోట్లు: అరుదుతనానికి ఆధారాలెక్కడ?

1863 నుంచి 1935 దాకా అమెరికాలో ఓ చిన్న ఊరి బ్యాంకు కూడా తన పేరు అచ్చువేసిన కరెన్సీ నోట్లను చలామణీలో పెట్టగలిగేది. ప్రభుత్వ బాండ్లు కొని ఖజానాలో హామీగా ఉంచితే, వాటి విలువలో 90 శాతం మేరకు నోట్లు వచ్చేవి. 1900 నాటి చట్టం ఆ పరిమితిని నూటికి నూరు చేసింది. 3 వేలకు మించని జనాభా ఉన్న ఊళ్లలో 25 వేల డాలర్ల మూలధనంతో బ్యాంకు పెట్టుకోవచ్చనీ అంది. నోట్ల మీద ఎన్నడూ వినని ఊళ్ల పేర్లు కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇలాంటి నోటు చేతికొస్తే ఎవరైనా ముందు అడిగేది, ఇది ఎంత అరుదు అని. జవాబు కోసం వెతికితే మూడు రకాల లెక్కలు దొరుకుతాయి. వాటిని కలగాపులగం చేయడం వల్లే ధరల అంచనాలు ఎక్కువగా దారి తప్పుతున్నాయని నా అభిప్రాయం.

మొదటిది, బ్యాంకు ఎన్ని నోట్లు జారీ చేసిందన్న అధికారిక లెక్క. రెండోది, ఖజానాకు తిరిగి రాని నోట్ల లెక్క. నలిగిన నోట్లను వెనక్కి తీసుకుని ధ్వంసం చేసేవారు కాబట్టి, జారీ అయినవాటిలోంచి వాటిని తీసేస్తే ఈ అంకె వస్తుంది. కానీ ఇంటితోపాటు కాలిపోయినవీ, వరదలో కొట్టుకుపోయినవీ ఇందులోనే ఉంటాయి. దీన్ని మిగిలిన నోట్ల సంఖ్యగా చదవకూడదు. మూడోది, వేలాల్లో, సేకర్తల దగ్గర ఇప్పటిదాకా కనిపించిన నోట్లను సీరియల్ నంబర్లతో నమోదు చేసిన జాబితా. ధర నిర్ణయానికి పనికొచ్చేది ఇదే. అయినా ఇది చెప్పేది 'కనీసం ఇన్ని ఉన్నాయి' అని మాత్రమే. పాత బ్యాంకు అధికారి కుటుంబం దాచుకున్న కట్ట ఒకటి బయటికొస్తే, రెండే ఉన్నాయనుకున్నవి ఒక్కరోజులో ఇరవై కావచ్చు.

నోటు కూడా కొంత సాక్ష్యం చెబుతుంది. 1929 సిరీస్ చిన్న నోట్లలో మొదటి రకాన్ని ఆరేసి నోట్ల షీట్లుగా అచ్చువేశారు. ఒక షీటులోని ఆరింటికీ నంబరు ఒకటే. ముందున్న అక్షరం మాత్రం ఏ నుంచి ఎఫ్ దాకా మారుతుంది. ఒక బ్యాంకు పది డాలర్ల నోటు మీద 000412 ఉందనుకుందాం. అంటే ఆ బ్యాంకుకు ఆ విలువలో కనీసం 412 షీట్లు, 2,472 నోట్లు అచ్చయినట్టు. 1933లో వచ్చిన రెండో రకంలో ప్రతి నోటుకూ వేరే నంబరు ఉంటుంది, సీరియల్ పక్కనే గోధుమరంగులో చార్టర్ నంబరు (బ్యాంకు అనుమతిపత్రం సంఖ్య) కూడా కనిపిస్తుంది. ఆ లెక్కలో ఆరుతో హెచ్చించకూడదు.

నోటు స్థితిని చూసేటప్పుడూ తొందరపడకూడదు. పాత పెద్ద సైజు నోట్లు కత్తిరించని షీట్లుగా బ్యాంకుకు చేరేవి. ప్రెసిడెంటు, క్యాషియరు సంతకాలయ్యాక అక్కడే కత్తిరించేవారు. అందువల్ల అంచు వంకరగా ఉన్నంత మాత్రాన తర్వాతెవరో కోశారనలేం. కలంతో చేసిన సంతకాల సిరా వెలిసిపోవడం మామూలే. దాని మీద మళ్లీ దిద్దిన ఆనవాళ్లుంటే మాత్రం ధర తగ్గాలి.

అరుదుతనం ఒక్కటే ధర తేదు, కొనేవాళ్లూ ఉండాలి. 1889లో రాష్ట్రాలుగా మారకముందు 'డకోటా టెరిటరీ' పేరుతో వచ్చిన నోట్లకు పోటీ గట్టిగా ఉంటుంది. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద 2 అంకె ఉన్న రెండు డాలర్ల నోటుకు రాష్ట్రంతో నిమిత్తం లేకుండా గిరాకీ ఉంది. వెండి, బంగారు నాణేలతో చెల్లింపులు 1879 జనవరి 1న మళ్లీ మొదలవడంతో ఒకటి, రెండు డాలర్ల జాతీయ బ్యాంకు నోట్లు ఆగిపోయాయి.

వేలం ధర ఒక్కటే చూసి విలువ కట్టడం నాకు సమ్మతం కాదు. ఇద్దరు పట్టుబట్టి పాడుకున్నా ధర ఆకాశానికి పోతుంది. సీరియల్ నంబరు పట్టుకుని, అదే నోటు వేర్వేరు ఏళ్లలో ఎంతకు అమ్ముడుపోయిందో చూడడం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. అలాంటి రికార్డు లేనప్పుడు అదే కౌంటీలోని ఇతర బ్యాంకుల నోట్లలో, అదే స్థితిలో, నమోదైన సంఖ్య దగ్గరగా ఉన్నవాటి ధరలు చూస్తాను. అప్పుడు కూడా ఒకే అంకె చెప్పను. కింది హద్దు, పై హద్దు రెండూ రాసి, అవి ఏ ఏడాది అమ్మకాల ఆధారంగా వచ్చాయో పక్కనే రాస్తాను.