దేవదూతల వాటా

దేవుడికి నైవేద్యం పెట్టి, ఆనక దాన్ని మనమే తినడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఏ దేవుడూ గిన్నెలో తరుగు తెచ్చిన దాఖలా లేదు. ఫ్రాన్సు దేశంలో కొన్యాక్ అనే ఊళ్లో మాత్రం దేవదూతలు పిలవకుండానే వచ్చి తమ వాటా తాము పట్టుకుపోతారట! ఆ వాటా పేరుతో ఖరీదైన సెంటు కూడా అమ్ముతున్నారని తెలిశాక, దాని పుట్టుపూర్వోత్తరాలు చూడకుండా ఉండలేకపోయాను.

షారాంత్ నది ఒడ్డున ఉంది కొన్యాక్. అక్కడి వైనుని కాచి దింపిన సరుకుని డచ్చి వర్తకులు తమ భాషలో 'కాల్చిన వైను' అన్నారు. మన చెవికి తెలిసిన 'బ్రాందీ' ఆ మాటలోంచి వచ్చిందే. రెండుసార్లు కాచిన ఆ సరుకు మొదట నీళ్లలా ఉంటుంది. ఓక్ కర్ర పీపాల్లో పోసి ఏళ్ల తరబడి ఉంచితే, కర్రలోంచి బంగారు రంగూ, వనిల్లా వాసనా పుచ్చుకుంటుంది. ఆవకాయ ఊరినకొద్దీ రుచి తేలినట్టు అనుకోండి.

కానీ కర్ర గాలి పీలుస్తుంది గదా! ఏడాదికి సుమారు 2 శాతం సరుకు ఆవిరైపోతుంది. 50 ఏళ్లు ఉంచిన పీపాలో సగానికి పైగా గాలిపాలే. ఏడవలేక నవ్వుతూ ఆ నష్టానికి 'దేవదూతల వాటా' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ ఆవిరి తగిలిన గోడలకి మసి పూసినట్టు నల్లని బూజు పడుతుంది. 1872 లో బోద్వాన్ అనే ఫార్మసిస్టు దాని సంగతి రాశాడు. దేవదూతలు తాగినా గోడలు చాడీలు చెప్పేస్తాయన్నమాట!

ఐర్లండులో పుట్టి, ఫ్రెంచి రాజు సైన్యంలో పనిచేసిన రిచర్డ్ హెన్నెసీ 1765 లో అక్కడ బ్రాందీ వ్యాపారం పెట్టాడు. ఆ వంశంవాడే కిలియన్ హెన్నెసీ. 2007 లో సెంట్ల వ్యాపారంలో దిగి, 2020 లో 'ఏంజెల్స్ షేర్' అని ఆ ముద్దుపేరే పెట్టి ఒక సెంటు తెచ్చాడు. కొన్యాక్, ఓక్ కర్ర, దాల్చినచెక్క, వనిల్లా కలిసిన వాసన. తాతలు గాలికి వదిలేసింది మనవడు సీసాకెక్కించాడు.

ఇది చెబితే మా పక్కింటి పిన్నిగారు ముక్కు మూసుకున్నారు. "బ్రాందీ కంపు డబ్బిచ్చి కొనుక్కుంటారటే!" అని.

నిజానికి సెంటుకీ సారాకీ చుట్టరికం పాతదే. గులాబీలని కాచినా, వైనుని కాచినా ఆవిరి పట్టే పాత్ర ఒకటే. 18వ శతాబ్దంలో జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా అనే ఇటలీవాడు శుద్ధమైన ఆల్కహాలులో నిమ్మజాతి తైలాలు కలిపి అమ్మాడు. మన ఇళ్లలో జ్వరమొస్తే రుమాలు తడిపి నుదుట వేసిన యుడికొలోన్‌కి మూలం అదే. కన్నౌజు అత్తరువాళ్లు మాత్రం పూల ఆవిరిని గంధపునూనెలోకి పట్టారు గనుక ఆ అత్తరుకి ఈ మైల అంటలేదు.

అయినా పిన్నిగారి ముక్కుని తప్పుపట్టలేను. మనవైపు ఆ వాసన గడప దాటి లోపలికొచ్చిందంటే, ఆ రోజు కూలిడబ్బులు రాలేదని అర్థం. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. ఆ సెగ రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997 కల్లా సడలిపోయింది. చీపురు పట్టుకుని రోడ్డెక్కినవాళ్లకి 'ఇది విలాసవంతమైన పరిమళమమ్మా' అని ఎవరు చెప్పగలరు?

నాకొకటి తోస్తుంది. ఏ ఇల్లాలి చేతా కన్నీరు పెట్టించని వాటా ఆ పీపాలో ఏదైనా ఉందంటే, అది గాలిలో కలిసిన ఆ 2 శాతమే. వర్తకుడు నష్టం కింద రాసుకున్నదే లోకానికి మిగిలిన లాభం.

ఆ మాటే పిన్నిగారితో అన్నాను. ఆవిడ క్షణం ఆలోచించి, "అయితే ఆ పీపాలన్నిటికీ మూతలు తీసేయమను. మొత్తం దేవదూతలే తాగేస్తారు, పీడా వదుల్తుంది" అన్నారు.