సెల్ సిగ్నల్ పోయినా పోలీసుల వైర్‌లెస్ సెట్ ఎలా పనిచేస్తుంది?

2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు రికార్డు స్థాయిలో వరద పోటెత్తింది. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. కట్ట నిలుస్తుందో లేదోనన్న భయంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. అలాంటి టైమ్‌లో సెల్ టవర్లకు కరెంట్ పోతే పరిస్థితి ఏంటి? పోలీసులకు మిగిలేది వైర్‌లెస్ సెట్టే.

దీనికి సిమ్ అక్కర్లేదు. బటన్ నొక్కి మాట్లాడితే ఆ చానెల్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి వినిపిస్తుంది. చిక్కల్లా గుట్టలతోనే. వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా వెళ్తాయి. కరీంనగర్ వైపు మైదానంలో బాగానే అందే మాట, ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్, ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి అడవుల్లోకి వచ్చేసరికి తెగిపోవచ్చు. చేతి సెట్ పవర్ సుమారు 5 వాట్లే మరి!

అందుకే ఎత్తయిన చోట రిపీటర్ పెడతారు. అది ఒక ఫ్రీక్వెన్సీలో విన్న మాటను మరో ఫ్రీక్వెన్సీలో అవతలి వైపుకు పంపిస్తుంది. కానీ దానికీ కరెంట్ కావాల్సిందే. రోజుల తరబడి ముసురు పడితే సోలార్ ప్యానెల్ సరిగా చార్జ్ చేయదు. బ్యాటరీ పాతదైతే రిపీటర్ మూగబోతుంది. కొత్త సెట్లు కొనడం కన్నా వానాకాలానికి ముందే ఆ బ్యాటరీలు మార్చడం ముఖ్యం.

పాత అనలాగ్ సెట్లలో మాటల్ని స్కానర్‌తో బయటివాళ్లు కూడా వినొచ్చు. మావోయిస్టుల ప్రభావం ఉన్న ప్రాంతాల్లో ఇది చిన్న విషయం కాదు. డిజిటల్ సెట్లలో ఎన్‌క్రిప్షన్‌తో దీన్ని ఆపొచ్చు.

ఇక 108 సంగతి వేరు. అంబులెన్స్ రావాలంటే ముందు ఫోన్ కలవాలి. సిగ్నల్ లేని గూడెంలో గర్భిణికి నొప్పులొస్తే, ఊళ్లో ఎవరో ఒకరు సిగ్నల్ దొరికే చోటికి పరుగెత్తాలి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు చెబితే అక్కడి సెట్ ద్వారా కబురు కంట్రోల్ రూమ్‌కు, అక్కడి నుంచి 108కు చేరే పద్ధతి పక్కాగా ఉంటే ఆ పరుగు కొంతైనా తగ్గుతుంది.