రెండు గ్లాసులు, ఒకటే రోడ్డు

జడ్చర్ల చౌరస్తాలో గంటసేపు నిలబడితే పాలమూరు బతుకంతా కళ్ల ముందు నుంచే పోతుంది. సద్దిమూటలతో గుంపు మేస్త్రీ వెంట కదిలే కూలీలు ఒకవైపు, పెద్ద పెట్టెలతో శంషాబాదు విమానాశ్రయానికి ఉరికే కార్లు మరోవైపు. రెండూ వలసలే. మొదటిదాన్ని ‘పాలమూరు లేబర్’ అన్నాం, రెండోదాన్ని ‘అమెరికా చదువు’ అన్నాం.

అమెరికాలో ఎదురయ్యే రంగు, జాతి మనకు పరాయి ముచ్చట్లేమీ కావు. 19వ శతాబ్దంలో మన వనపర్తి రాజావారు అంగరక్షణకు పెట్టుకున్న ఆఫ్రికన్ సిపాయిలే తర్వాత నిజాం కొలువుకు చేరారు. హైదరాబాదు ఏసీ గార్డ్స్ పేటలో ‘ఏసీ’ అంటే ఆఫ్రికన్ కావల్రీ. ఆ దళం ఎప్పుడో పోయింది, ఆ సిపాయిల వారసులైన సిద్దీలు మిగిలారు. పెళ్లి బరాత్‌లో వాళ్ల మర్ఫా మోతకు ఎగురుతాం, వాళ్ల తాతలు ఎక్కడివాళ్లో అడగం.

కులం, జాతి ఒకటి కావన్నారు అంబేడ్కర్. అయినా 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. గాయాలు వేరైనా నొప్పి ఒకటేనని ఆయనకు తెలుసు. అంతకు ముందే 1906లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టారు. 1917 బెజవాడ సభలో ‘పంచములు’ అన్న పేరును తోసిపుచ్చి ‘ఆది ఆంధ్రులం’ అనిపించారు. చట్టాలు నెమ్మదిగా వచ్చాయి: 1955లో అంటరానితనం మీద, 1976లో వెట్టి మీద, మన జిల్లాను పట్టి పీడించిన జోగిని దురాచారం మీద 1988లో.

చట్టం వచ్చినా గ్లాసు మారలేదు. నా చిన్నతనంలో ఓ హోటల్లో మా నాయన బల్ల మీద చాయ్ తాగేవాడు. బయట చూరుకింద వేరే గ్లాసులుండేవి. తాగినవాళ్లే కడిగిపెట్టి పోవాలి. అది నాకు తప్పనిపించలేదు, అసలు కనిపించనే లేదు. పుట్టుకతో దక్కిన సౌఖ్యం లక్షణమే అది. లోపల కూర్చున్నవాడికి చూరు కనబడదు.

సముద్రం దాటాక లెక్క తిరగబడింది. 1923లో పౌరసత్వం కోసం భగత్‌సింగ్ థిండ్ తాను అగ్రకులపు ఆర్యుణ్ని గనుక తెల్లవాడినేనని వాదిస్తే అమెరికా సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. ఆ రోజుల్లోనే అక్కడ అడుగుపెట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1948లో పౌరసత్వం లేకుండానే పోయాడు. మనవాళ్లకు తలుపు బార్లా తెరిచింది 1965 వలస చట్టం. ఆ తలుపును నెట్టిన బలం నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటానిది. ఆ బాకీ మన తెలుగు సంఘాల వేదికల మీద ఎన్నిసార్లు తలుచుకున్నాం?

2017లో కాన్సాస్‌లో తెలుగు ఇంజనీరును ‘మా దేశం విడిచి పో’ అంటూ కాల్చి చంపితే ఇల్లిల్లూ కలతపడింది. మరుసటి ఏడు మిర్యాలగూడలో కులం దాటి పెళ్లాడిన దళిత యువకుణ్ని ఆస్పత్రి ముందే నరికితే, ‘కన్నతండ్రి బాధ’ అంటూ అమ్మాయి తండ్రి వైపూ గొంతులు లేచాయి. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. పెట్టెల్లో పచ్చళ్లతో పాటు ఏం తీసుకుపోయామో ఆ నగరం మనకు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు చౌరస్తాలో అందరికీ పేపర్ కప్పే. గ్లాసు కిరాయి ఇంటి గడపకు చేరి, ‘మీరేమిటోళ్లు?’ అని అడుగుతోంది. నన్ను అడిగినప్పుడు ఇన్నేళ్లూ తడుముకోకుండా జవాబు చెప్పాను, తాళంచెవి చేతికొచ్చింది. ఎందుకు అడుగుతున్నారని ఒక్కసారీ ఎదురడగలేదు.